తువ్వాల కింద నెట్‌వర్కు నేర్పిన మునిరత్నమ్మ మేడం

మునిరత్నమ్మ మేడం పోయారన్న వార్త నాకు శ్రీ సిటీలోని మా ఫ్యాక్టరీలో, మొరాయించిన ఒక మిషన్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉండగా అందింది. చిత్తూరు నుంచి హసీనా ఫోను. హసీనా నా సహాధ్యాయిని. మేమిద్దరం చదివిన ఆ మహిళా పాలిటెక్నిక్‌లోనే ఇప్పుడు కంప్యూటర్ శాఖకు అధిపతి. ఫోనెత్తితే గలగలా మాట్లాడే మనిషి, ఆ పూట "కోమలా, మేడం..." అని ఆగిపోయింది. ఆ తర్వాత తను చెప్పాల్సిందీ లేదు, నేను అడగాల్సిందీ లేదు. కొద్ది రోజుల కిందటే తిరుపతి ఆస్పత్రిలో ఆమెను చూసి వచ్చాను. "నేను బాగుండాను, ఈడ కూర్చోని ఏం చేస్తావు, డ్యూటీకి పో" అని నన్ను గదిమి పంపించిన గొంతు అది. అంత నిబ్బరమైన గొంతు ఇంత త్వరగా మూగబోతుందని నేను ఎట్లా ఊహించగలను? మా కుర్రాళ్ళు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. "మీ అమ్మగారా మేడం?" అని ఒకడు మెల్లగా అడిగాడు. అవునన్నట్టు తలూపాను.

ఆమె పేరు విన్నవాళ్ళు తక్కువ. పత్రికల్లో ఫోటో పడిన మనిషి కాదు, శాలువాలు కప్పించుకున్న మనిషి కాదు. చిత్తూరులో ఒక సర్కారు కాలేజీలో పాఠం చెప్పి, పదవీ విరమణ చేసి, కట్టమంచి వైపు ఒక చిన్న ఇంట్లో నిరాడంబరంగా జీవించి వెళ్ళిపోయారు. అయితే ఈ ప్రాంతంలో కంప్యూటర్ ముందు కూర్చుని గౌరవంగా అన్నం తింటున్న ఆడవాళ్ళను వరసగా నిలబెట్టి "నీకు చదువు చెప్పిందెవరు?" అని అడిగితే, ఆ పేరు ఎన్నిసార్లు వినబడుతుందో నాకు తెలుసు. తెలిసిన నేను రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

మేడం పొట్టిగా ఉండేవారు. నగరి నేత చీర, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు, కాలేజీ గేటు దాకా ధాటిగా వచ్చి గేటు దగ్గర తప్పకుండా ఆగిపోయే మోపెడ్. తండ్రి మునస్వామి గారు మామిడి మండీలో దళారి. కాయల వాసన మధ్య పెరిగి, తిరుపతిలో ఎలక్ట్రానిక్స్ చదివి, మళ్ళీ చిత్తూరుకే అధ్యాపకురాలిగా వచ్చారు. పాఠంలో శుద్ధమైన గ్రాంథిక పదాలు దొర్లేవి, కోపం వస్తే మండీ భాష దొర్లేది. ఆ రెండింటికీ మధ్య ఎక్కువ దూరం ఉండేది కాదు.

ఆమెకొక నియమం ఉండేది. విద్యార్థిని కూర్చున్న కంప్యూటర్‌ను తాను ముట్టేవారు కాదు. మేము రాసిన ప్రోగ్రాం ఎంత అడ్డదిడ్డంగా ఉన్నా, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని మా వీపు వెనక నిలబడి చదివేవారు. తప్పెక్కడుందో ఆమెకు కనబడిందని మాకు తెలుస్తూనే ఉండేది. చెప్పేవారు కాదు. "ఎందుకిట్ట చేసింది మిషను? నువ్వు చెయ్యమన్నావు కాబట్టి చేసింది. ఏం చెయ్యమన్నావో మల్లా సదువు" అనేవారు. ఒకసారి నేను విసిగిపోయి, "మీరే ఒకసారి కొట్టి చూపించండి మేడం" అన్నాను. "నేను కొడితే నాకొస్తాది అమ్మణ్ణీ. నాకు ఎప్పుడో వచ్చింది" అని తర్వాతి బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ రోజు నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు గర్వంగా రాస్తున్నాను గాని, ఆమె దగ్గర చదువుకోవడం సుఖమైన పని కాదు.

మేము రెండో సంవత్సరంలో ఉండగా పిడుగులాంటి మాట వచ్చింది. కంప్యూటర్ శాఖ ఉన్న ప్రతి కాలేజీలోనూ నెట్‌వర్క్ ప్రయోగశాల ఉండి తీరాలని నిబంధన. అంటే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటు. తనిఖీ బృందం వచ్చి చూస్తుంది, లేదని తేలితే శాఖను ఎత్తేసి దూరపు జిల్లాలోని ఇంకో కాలేజీలో కలిపేస్తారు. మా దగ్గర ఉన్నవి పాతబడిన ఆరు కంప్యూటర్లు. వాటిలో నెట్‌వర్క్ కార్డులు లేవు. ప్రిన్సిపాల్ గారు పైకి రాసి రాసి అలిసిపోయారు, కార్డులు మాత్రం రాలేదు.

శాఖ దూరానికి పోవడమంటే మాలో చాలామందికి చదువు పోవడమే. అక్కడ ఆడపిల్లలకు హాస్టల్ లేదు. ఐరాల, పూతలపట్టు, యాదమరి పల్లెల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి, సాయంత్రం బస్సుకు ఇల్లు చేరే పిల్లలం మేము. మా నాయన చెరుకు పెట్టి బెల్లం వండే రైతు. నన్ను పాలిటెక్నిక్‌లో చేర్చడానికే ఊళ్ళో పదిమందికి సమాధానం చెప్పుకున్నాడు. "చిత్తూరు దాకా అంటే సరే. దాన్ని దాటి నేను పంపలేను" అని మొదటి రోజే తేల్చి చెప్పాడు. కాబట్టి ఆ తనిఖీలో ఏం తేలుతుందో దాన్నిబట్టే నా జీవితం తేలుతుందని నాకు స్పష్టంగా తెలుసు.

మేడం ఆ మాట విన్న మర్నాడు ల్యాబ్‌లోకి వచ్చి, కంప్యూటర్లను ముందు నుంచి కాకుండా వెనక నుంచి చూడడం మొదలుపెట్టారు. "ఈ మిషన్ల వీపున ఏముండాదో ఎప్పుడన్నా సూసినారా?" అని మమ్మల్ని పిలిచారు. తొమ్మిదేసి సన్నటి సూదులున్న రెండు చిన్న పోర్టులు. ఒకదానికి మౌస్ తగిలించి ఉంది, ఇంకోటి దుమ్ము పట్టి ఖాళీగా ఉంది. సీరియల్ పోర్టు అంటారని పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, మరిచిపోయిన వస్తువు అది. "మౌస్ పీకేస్తే ప్రతి మిషనుకీ రెండు చెవులు, రెండు నోళ్ళు. ఎడమ పక్క మిషనుతో ఒకటి, కుడి పక్క మిషనుతో ఒకటి. చుట్టూ కలిపితే వలయం. కార్డు లేకుంటే నెట్‌వర్కు లేదని ఎవురు చెప్పినారు?" అన్నారు. ఆమె ముఖంలో ఆ పూట చూసిన వెలుగు నాకు ఇప్పటికీ మనసులో ఉంది. లేమిని చూసి దిగులుపడని మనుషులు కొందరుంటారు. మేడం ఇంకా ఒక అడుగు ముందుకేసి, దాన్ని చూసి ఉత్సాహపడేవారు.

సోల్డరింగ్ అంతా మాచేతే చేయించారు. మూడే తీగలు: ఒకటి చెప్పడానికి, ఒకటి వినడానికి, మూడోది రెండు మిషన్లకూ ఉమ్మడి. వేళ్ళు కాల్చుకుని మేము మొదటి కేబుల్ చేశాం. రెండు కంప్యూటర్లకు తగిలించి అక్షరం కొడితే అవతల ఏమీ రాలేదు. గంటసేపు తల బద్దలు కొట్టుకున్నాం. మేడం కేబుల్ అందుకోకుండానే వంగి రెండు కొసలూ చూసి, పకపకా నవ్వారు. "నోటికి నోరు కట్టినారు గదమ్మా! ఇద్దరూ అరస్తాంటే వినేదెవురు? దీని నోరు దాని చెవికి కట్టల్ల." తీగలు తారుమారు చేసి మళ్ళీ అతికించాం. హసీనా అటు తెలుగులో "అ" కొట్టడానికి వీల్లేక ఇంగ్లీషు అక్షరం ఒకటి కొట్టింది. అది నా తెర మీద మొలిచింది. తర్వాత పెద్ద పెద్ద నెట్‌వర్కులు చూశాను, నడిపాను. ఆ ఒక్క అక్షరాన్ని చూసినప్పుడు వేసిన కేక మాత్రం మళ్ళీ వేయలేదు.

అయితే ఒక అక్షరం పోవడం వేరు, చెప్పిన మాట చెప్పినట్టు చేరడం వేరు. అక్కడే మేడం అసలు పాఠం మొదలైంది. మర్నాడు వాళ్ళ నాన్నగారి తువ్వాల తెచ్చారు. మండీలో, సంతలో బేరం ఎట్లా జరుగుతుందో ఈ ప్రాంతం వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం ఒక మాట: కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాల కప్పుకుని, దాని కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్ళకు ఒక్క ముక్క తెలియదు. మేడం ఆ తువ్వాల నా చేతి మీదా హసీనా చేతి మీదా కప్పారు. "కంప్యూటరు తీగలో కూడా ఇంతే. నొక్కితే ఒకటి, నొక్కకుంటే సున్న. నేను బల్ల మీద తట్టినప్పుడల్లా కోమలా, నువ్వు నొక్కడమో గమ్మునుండడమో చెయ్యి. హసీనా, నీకు ఏ అక్షరం అందిందో చెప్పు."

హసీనాకు అందలేదు. నేను మొదలుపెట్టానని తనకు తెలియకముందే సగం అక్షరం అయిపోయింది. అందుకని ముందు ఒక నొక్కు, 'ఇదిగో మొదలుపెడుతున్నా' అని. తర్వాత మేడం తట్టడం ఆపి, మమ్మల్నే మనసులో లెక్కపెట్టుకోమన్నారు. నేను తొందర మనిషిని, హసీనా నిదానం. నేను పంపింది ఒకటి, తనకు చేరింది ఇంకొకటి. ఇద్దరూ ఒకే వేగానికి ముందే ఒప్పుకోవాలని అప్పుడు తెలిసింది. అక్షరం చివర సరిచూసుకోవడానికి ఇంకో నొక్కు, అందిందని అవతలివాళ్ళు తిరిగి ఇచ్చే నొక్కు, అట్లా ఒక్కొక్క నియమం మా చేతుల్లోంచే పుట్టింది. పుస్తకంలో వీటికి ఇంగ్లీషు పేర్లు ఉన్నాయని చివర్లో చెప్పారు. అప్పటికి మాకవి ఎప్పటి నుంచో తెలిసిన చుట్టాల్లా అనిపించాయి.

ల్యాబ్‌లో కంప్యూటర్లు ఖాళీగా ఉండి, ఆడపిల్లలు జతలు జతలుగా తువ్వాళ్ళ కింద చేతులు పట్టుకుని కూర్చుంటే చూసేవాళ్ళకు ఎట్లా ఉంటుంది? ప్రిన్సిపాల్ గారు కిటికీలోంచి చూసి బిత్తరపోయారు. "ఏం మేడం, ఈడేమన్నా సంత పెట్టినారా?" అన్నారు. "సంతే సార్. బేరం కుదిరినాక పిలుస్తాను" అన్నారు మేడం, తల తిప్పకుండా.

శాఖ ఎత్తేస్తారన్న మాట పల్లెలకు కూడా చేరింది. ఒకరోజు మధ్యాహ్నం మా నాయన ల్యాబ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన్ను చూడగానే నాకు విషయం అర్థమైపోయింది.

"మేడమ్మా, బిడ్డని పిలుచుకోని పోదామని వచ్చినాను" అన్నాడు.

"ఎందుకన్నా? ఏమైంది?"

"బ్రాంచి ఎత్తేస్తారంట గదా. ఎత్తేసేదానికి ఇంగ ఈడ కూర్చోని ఏం లాభం? ఇప్పుడే ఇంటికొస్తే ఇంకేదన్నా దోవ సూసుకుంటాము."

"ఎత్తేస్తామని ఎవురూ అనలేదు. వచ్చి సూస్తామన్నారు. అంతవరకూ ఆగు."

"వాళ్ళు ఎప్పుడొస్తారో ఎవురికి తెలుసు తల్లీ? ఎన్నాళ్ళని ఆగేది?"

మేడం నాయన వైపు తిరిగారు. "బెల్లం మండీకి ఏస్తావు గదా అన్నా?" అన్నారు. "ఏస్తాను" అన్నాడు నాయన. "నేను మామిడి మండీ మునస్వామి కూతుర్ని. రా, బేరమాడదాం. ఎన్ని నెలలు ఆగేదో వేళ్ళతో చెప్పు. నువ్వూ నేనూ చెయ్యి పట్టుకుంటే బాగుండదు, నీ బిడ్డ మధ్యలో కూచుంటాది."

నాయన మొహమాటంగా నవ్వాడు గాని, బేరమనేసరికి కాదనలేకపోయాడు. బెంచీ మీద ఆయన నా కుడి పక్కన, మేడం నా ఎడమ పక్కన కూర్చున్నారు. మా ముగ్గురి చేతుల మీదా తువ్వాల పరిచారు. కూర్చునే ముందు మేడం నాతో ఒక్క మాట అన్నారు. "నువ్వు మధ్య మిషనువి. ఈ పక్క నుంచి అందింది ఆ పక్కకు ఇయ్యల్ల. నీ గురించిన బేరమే అయినా సరే, నీ సొంతం ఏదీ కలపగూడదు."

నాయన నా ఒక వేలు పట్టాడు. నేను మేడం ఒక వేలు పట్టాను. మేడం నా చేయంతా పట్టుకున్నారు, అయిదు నెలలు. నేను నాయన చేయంతా పట్టుకున్నాను. చిన్నప్పుడు తిరునాళ్ళలో తప్ప ఆ చేతిని నేను అట్లా నిండుగా పట్టుకుని ఎరుగను. గానుగ దగ్గర కాయలు కాచిన చేయి అది. ఆయన ఉలిక్కిపడ్డట్టు నా వైపు చూసి, మళ్ళీ ఒకటే వేలు పట్టాడు. బేరం అటూ ఇటూ నడిచింది. ఒక దశలో నాయన రెండు వేళ్ళు పట్టి గట్టిగా నొక్కాడు, ఇదే ఆఖరు అన్నట్టు. మేడం చేతికి నేను మూడు వేళ్ళు అందిస్తే? ఎవరికి తెలుస్తుంది? నా చదువు ఒక వేలి దూరంలో ఉంది. నేను రెండే పట్టాను. మేడం ఆలోచించి మూడు పట్టారు. మూడే నాయనకు ఇచ్చాను. ఆయన ఇంక వేలు పట్టలేదు, తువ్వాల తీసేశాడు. "సరేమ్మా, మూడు నెలలు. మండీలో పుట్టిన మనిషితో బేరానికి దిగింది నాదే తప్పు" అని నవ్వుతూ లేచాడు.

ఆయన వెళ్ళాక మేడం అడిగారు. "ఒగ వేలు కలపాలనిపించలేదా?"

"అనిపించింది మేడం."

"కలపలేదు గదా. ఇంగ నీకు నెట్‌వర్కు వచ్చేసినట్టే" అన్నారు. నా దగ్గరున్న పట్టాలన్నింటికన్నా నేను ఆ మాటనే ఎక్కువగా దాచుకున్నాను.

తర్వాతి పని ప్రోగ్రాం. ఆరు మిషన్లూ వలయంగా కట్టి, 'వంతు' అని ఒక చిన్న సందేశాన్ని చుట్టూ తిప్పాం. వంతు ఎవరి దగ్గర ఉంటే వాళ్ళే మాట్లాడాలి. వచ్చిన సందేశం మన పేరు మీద ఉంటే ఉంచుకోవాలి, లేకుంటే కుడి పక్కకు పంపాలి. చదవడానికి ఇంతే. రాయడానికి మాత్రం నెలన్నర నలిగిపోయాం. అందులో ఒక తప్పు మేము తప్ప ఇంకెవరూ చేయరని మేడం జీవితాంతం చెప్పి నవ్వుతూనే ఉన్నారు. ఏది అందినా 'అందింది' అని బదులు పంపమని ప్రోగ్రాంలో రాశాం. ఆ 'అందింది' కూడా అవతలి మిషనుకు అందిందే కదా? అది 'మీ అందింది నాకు అందింది' అని తిరిగి పంపింది. దానికి ఇది మళ్ళీ బదులు. అసలు మాట గాలికి పోయి, రెండు మిషన్లూ ఒకదానికొకటి మర్యాదలు చేసుకుంటూ కూర్చున్నాయి. తెరలు నిండిపోయాయి, వలయం మొత్తం బిగుసుకుపోయింది.

మేడం చేతులు వెనక్కి కట్టుకుని చూశారు, చూశారు, ఇంక ఆపుకోలేక స్టూలు మీద కూలబడి నవ్వారు. "మీ మర్యాద మండిపోనూ! మీ ఇండ్లల్లో చుట్టాలు పోయేటప్పుడు గడప కాడ ఇట్లే గదే నిలబడతారు? పోయొస్తామమ్మా అంటే మంచిదమ్మా, మల్లా రాండి అంటారు. మీరూ రాండి అంటే వస్తాములే, మీరు ముందర రాండి అంటారు. ఈలోగా బస్సు యల్లిపోతాది! ఎవురో ఒగరు గమ్మునుండల్ల గదా?" 'అందింది' అన్నదానికి బదులు ఇవ్వకూడదని మరుసటి రోజు మేమే కనిపెట్టి రాశాం. రాస్తున్నంతసేపూ ఆమె నవ్వు వినబడుతూనే ఉంది.

నాయన ఇచ్చిన గడువు ముగిసేలోపే తనిఖీ బృందం వచ్చింది. ముగ్గురు పెద్దలు. వాళ్ళకు నాయకత్వం వహించిన ఆయన నెరిసిన జుట్టుతో, మాట తక్కువగా, గంభీరంగా ఉన్నారు. ప్రిన్సిపాల్ గారు చెమటలు తుడుచుకుంటున్నారు. తీరా ల్యాబ్‌లోకి వెళ్ళేటప్పుడు మేడం లోపలికి రాలేదు. "మీ పని మీరు చూపించండి" అని వరండాలో ఆగిపోయారు. మొదట అంతా సవ్యంగానే సాగింది. హసీనా పంపిన సందేశం వలయం తిరిగి నా దగ్గరికి వచ్చింది. ఆ పెద్దాయన ముఖంలో కొంచెం కుతూహలం కనబడింది. ఇంకొకటి పంపమన్నారు. పంపుతుండగానే నాలుగో మిషన్‌లోంచి టప్‌మని శబ్దం, కాలిన వాసన. తెర ఆరిపోయింది. దానితోపాటు 'వంతు' కూడా ఆ మిషన్‌లోనే చిక్కుకుపోయింది. ఆరు మిషన్ల వలయంలో ఒకటి పోతే అన్నీ పోయినట్టే.

అందరం గుమ్మం వైపు చూశాం. మేడం అన్నీ చూస్తూనే ఉన్నారు. ఇప్పుడు లోపలికి వస్తారు, ఇప్పుడు వస్తారు అనుకున్నాను. ఆమె మా కళ్ళలోకి ఒకసారి చూసి, నింపాదిగా వెనక్కి తిరిగి, ఆటస్థలం వైపు చూస్తూ నిలబడ్డారు. మాకు కనబడుతున్నది ఆమె వీపు, వెనక్కి కట్టుకున్న రెండు చేతులు. నా జన్మలో ఎవరి మీదా అంత కోపం రాలేదు.

ఆ కోపంలోనే కదిలాను. చచ్చిన మిషన్‌ను వదిలేసి, దాని ఎడమ పక్కదాన్నీ కుడి పక్కదాన్నీ నేరుగా కలిపేస్తే వలయం మళ్ళీ మూసుకుంటుంది. కేబుల్ పీకి చూస్తే అందడం లేదు. మేము అతికించిన కేబుళ్ళు పక్క బల్ల దాకానే సరిపోతాయి. "టేబుల్ ఎత్తండే! మిషనుతో సహా ఇట్లా జరపండి!" అని అరిచింది హసీనా. అప్పట్లో ఎన్నడూ గొంతు పెంచని పిల్ల. నలుగురం ఒక వైపు పట్టాం, రెండో వైపు ఇద్దరికి బరువు ఆగలేదు. అప్పుడు ఆ నెరిసిన జుట్టు పెద్దాయన చేతిలో ఉన్న ఫైలు ప్రిన్సిపాల్ గారి చేతిలో పెట్టి, వంగి బల్ల కొస పట్టుకున్నారు. "ఎత్తండమ్మా" అన్నారు. బల్ల జరిగింది. కేబుల్ అందింది. నా మిషన్ నుంచి కొత్త వంతు పుట్టించి వదిలాను. ఆయనే నా పక్కన కూర్చుని తన సొంత ఊరి పేరు కొట్టారు. అది ఒక్కో తెర మీదా కనబడి, మిగిలిన అయిదు మిషన్లూ చుట్టి, చెక్కుచెదరకుండా ఆయన ముందుకు తిరిగి వచ్చింది.

"మీ మేడం ఎక్కడ?" అన్నారు. ఆమె లోపలికి వచ్చారు. "మిషన్ కాలినప్పుడు మీరు గుమ్మంలోనే ఉన్నారు. ఎందుకు రాలేదు?" అని అడిగారాయన. అందులో మందలింపు లేదు, నిజంగా తెలుసుకోవాలనే ఉంది. "నేను లోపలుంటే పరీక్ష నాకయ్యుండేది సార్. చదివేది వాళ్ళు" అన్నారు మేడం.

శాఖ చిత్తూరులోనే నిలిచింది. మరుసటి ఏడాది కార్డులు కూడా వచ్చాయి. మేము అతికించిన కేబుళ్ళు బీరువాలోకి వెళ్ళాయి. నాయన నాచేత డిప్లొమా పూర్తి చేయించి, ఆ తర్వాత చిత్తూరు కూడా దాటించి తిరుపతికి పంపి ఇంజనీరింగ్ చదివించాడు. ఎందుకు మనసు మారిందని అడిగితే, "ఆయమ్మ దగ్గిర సదివిన బిడ్డ యాడికి పోయినా ఏమీ గాదు" అన్నాడు. మేడం ఆ తర్వాత కూడా పైహోదాలు వచ్చినా వేరే ఊళ్ళకు వెళ్ళలేదు. రిటైరయ్యే రోజు దాకా ఆ ల్యాబ్‌లోనే, పిల్లల వీపుల వెనకే నిలబడ్డారు.

ఆస్పత్రిలో చివరిసారి కలిసినప్పుడు ఎంతో కాలంగా మనసులో ఉన్న ప్రశ్న అడిగేశాను. "మేడం, ఆ రోజు మేము చెయ్యలేకపోయింటే?"

"బ్రాంచి పోయుండును" అన్నారు తేలిగ్గా.

"అది తెలిసీ అటు తిరిగి నిలబడినారా? మా బతుకులు మేడం అవి!"

"నాకు కాళ్ళు వణికినాయి అమ్మణ్ణీ. మీకు కనబడకూడదనే అటు తిరిగినాను. నేనొచ్చి సరిచేసుంటే బ్రాంచి నిలబడుండును. మీరు నిలబడుండరు." ఆ తర్వాతే నన్ను డ్యూటీకి పొమ్మని గదిమారు.

కాలేజీలో సంతాప సభ పెట్టారు. నాయన వయసు మీద పడి ఇల్లు కదలడం మానేశాడు. అయినా "నన్నూ పిలుచుకోని పో" అని పట్టుబట్టి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. పాత విద్యార్థినులం ఒక్కొక్కరం మాట్లాడాం, ఏడ్చాం, మధ్యలో మర్యాదల మిషన్ల కథ చెప్పి నవ్వాం. చివర్లో హసీనా ఇప్పటి పిల్లలను చూసి, ఎవరైనా మాట్లాడతారా అని అడిగింది. వాళ్ళు మేడంను ఎరగరు. ఆమె రిటైరయ్యాక చేరినవాళ్ళు. రెండో సంవత్సరం పిల్ల ఒకతె లేచింది. మైకు కూడా అడగలేదు.

"నేను మేడంని సూడలేదు. ఇందాక ఫోటోలో సూసినాను" అంది. "మాది యాదమరి పక్కన పల్లె. మా ఇంట్లో చిత్తూరు కంటే ముందుకి పంపరు. ఈ బ్రాంచి ఈడ లేకపోయింటే నేను పదో తరగతితో నిలిచిపోయుందును. మా క్లాసులో సగం మంది అంతే. ఆ సంగతి నాకు ఈ పొద్దే తెలిసింది."

అంతే చెప్పి కూర్చుంది. నాయన కుర్చీ పట్టుకుని మెల్లగా లేచి, ఆ పిల్ల కూర్చున్న వైపు ఒకసారి చూసి, ఫోటోకు చేతులు జోడించాడు. ఆయన్ను చూసి మేము లేచాం. మా వెనక ఆ పిల్లలు, వరస తర్వాత వరస, హాలంతా లేచి నిలబడింది. మౌనం పాటించమని ఎవరూ చెప్పలేదు.

మేడం, మీ ఉద్యోగంలోకి మీ శిష్యురాలే వచ్చింది. మీ కుర్చీకి లోటు లేదు. మీరు లేని లోటు ఎవరం తీర్చగలం? ఆ రోజు హాల్లో నిలబడ్డవాళ్ళలో ఎక్కువమందికి మీరు ఒక్క పాఠమూ చెప్పలేదు. అయినా వాళ్ళంతా మీ పిల్లలే. మీకు నమస్కారం.